ఆకాశము నుండి కబురు వస్తుందా?

(సంఘ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠము. శతవార్షికోత్సవ సంచిక కొరకు కొద్దిగా సవరించబడినది.)



ఈ సాయంకాలపు అంశము మేము ఎన్నుకొన్నది కాదు. పోయిన వేసవిలో సెలవు బైబిలు పాఠశాల ముగింపు నాడు, తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక చిన్నది లేచి, "అయ్యగారూ, నక్షత్రాల దగ్గర ఎక్కడైనా మనలాగ తెలివిగలవాళ్లు ఉంటే, వాళ్ల కబురు మనకు ఎప్పటికైనా అందుతుందా?" అని అడిగింది. పెద్దలు కొందరు నవ్వారు. మేము కూడ "తరువాత చెప్తామమ్మా" అని దాటవేశాము. ఆ పిల్ల మరచిపోలేదు. మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత గుమ్మము దగ్గర నిలబడి మళ్లీ అడిగింది. అప్పుడు మాకు తెలియదని ఒప్పుకొన్నాము. చదివి చెప్తామని మాట ఇచ్చాము. ఈ ప్రసంగము ఆ బాకీ తీర్చుకొనుటకే.

మేము వేదాంత కళాశాలలో చదివినవారమే గాని భౌతికశాస్త్రము చదివినవారము కాము. కనుక చదివి గ్రహించినంత మట్టుకే చెప్తాము. 

మొదట మన ప్రాంతపు కథ ఒకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టింది. ఆ నీడ దక్కను మీదుగా వచ్చి, గుంటూరు, మచిలీపట్నము దాటి బంగాళాఖాతములోనికి పోయింది. ఫ్రాన్సు దేశము నుండి జాన్సెన్ అనే శాస్త్రవేత్త, ఇంగ్లండు వారి తరపున మేజర్ టెనెంట్ గుంటూరులో దూరదర్శినులు నిలిపారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నములో నిలిపాడు. అప్పటికి బందరులో నోబుల్ దొరగారి బడి మొదలై పాతికేళ్లు. గుంటూరులో ఆ ఉదయము అయిదు నిమిషాలకు పైగా చీకటి కమ్మింది.

వారి చేతిలో అప్పటికి కొత్తదైన పనిముట్టు ఒకటి ఉంది. దాని పేరు వర్ణపటదర్శిని. వెలుతురును అది ఇంద్రధనుస్సులాగ విడదీస్తుంది. మండే ప్రతి పదార్థానికి ఆ రంగులలో తనవైన గీతలు ఉంటాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో పదార్థానికి ఆ గీతలు అలాగు. గ్రహణ సమయములో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను చూస్తే ప్రకాశమానమైన గీతలు కనబడ్డాయి. జాన్సెన్ మరునాడు గ్రహణము లేకుండానే వాటిని మరల చూడగలిగాడు. ఆ గీతలలో ఒకటి పసుపుపచ్చనిది. ఉప్పులో ఉండే సోడియము గీత కాబోలు అనుకొన్నారు. ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ అనే ఆయన కూడ దానిని చూసి, అది సోడియము ఉండవలసిన చోట లేదని, భూమిమీద ఎవరికీ తెలియని పదార్థానిదై ఉంటుందని తేల్చాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరు మీద దానికి హీలియము అని పేరు వచ్చింది. నమ్మినవారు నమ్మారు, నవ్వినవారు నవ్వారు. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు భూమిమీద దొరికిన ఒక ఖనిజములో ఆ వాయువునే కనిపెట్టాడు. నేడు తిరునాళ్లలో మన పిల్లల చేతినుండి తప్పించుకొని పైకి పోయే బుడగలలో కొన్నిటిలో ఉండేది అదే.

ఈ కథలో రెండు సంగతులు గమనించండి. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతలి వార్తను మన జిల్లాల నేలమీద నిలబడి చదివారు. దూరము ఎంతైనా వెలుతురు వార్త మోస్తుంది. రెండవది, చదివినది నిజమేనని రూఢి కావటానికి ఇరవై ఏడు సంవత్సరాలు పట్టింది. ఈ పనిలో తొందర పనికిరాదు.

అయితే సూర్యుడు మనకు ఏదీ చెప్పాలనుకోలేదు. ఆ చిన్నది అడిగినది ఎవరో ఒకరు పంపే కబురును గురించి. ప్రకృతి వెలుగుకు, ఒకరు పంపిన వెలుగుకు తేడా ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు మా ఇంటిలోనే ఒక జవాబు ఉంది.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ ఉప్పెన గురించి మీలో పెద్దవారికి మేము చెప్పనక్కరలేదు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మేము అప్పటికి పుట్టలేదు. మా అమ్మకు పదమూడేళ్లు. గేదెలను తోలుకొని రావటానికి పొలము వెళ్లిన మా మేనమామ తిరిగి రాలేదు. అతనికి పదహారేళ్లు. అమ్మమ్మ, అమ్మ ఇంటి కప్పు పట్టుకొని కొట్టుకొనిపోయి తాళ్ల గుంపులో చిక్కుకొన్నారు. చీకటి. వాన. ఆకాశమంతా మెరుపులు. ఏ జామునో గాలి కాస్త తగ్గిన తరువాత, నీళ్ల అవతల ఒక చిన్న వెలుగు కనబడిందట. మెరుపు తన ఇష్టము వచ్చినట్లు మెరుస్తుంది. ఈ వెలుగు కుడికి ఊగుతుంది, ఎడమకు ఊగుతుంది, మరల కుడికి. "అది మనిషి చెయ్యే" అన్నదట అమ్మమ్మ. బడి మిద్దె మీద ఎవరో లాంతరు ఊపుతున్నారు. తెల్లవారుజామున నీరు నడుము లోతుకు దిగిన తరువాత, ఆ వెలుగు వైపుగానే నడచి వారు బ్రతికారు.

నక్షత్రాల వైపు చెవిపెట్టే శాస్త్రజ్ఞులు వెదకేది అటువంటి ఊపునే. సూర్యచంద్రులు, నక్షత్రాలు, మేఘాలు, మెరుపులు అన్నీ రేడియో తరంగాలు పుట్టిస్తాయి. కాని ఆ గోల సాయంకాలము మర్రిచెట్టు మీద పిట్టల గోలలాగ అన్ని స్థాయిలలోనూ పరచుకొని ఉంటుంది. మనిషి నడిపే స్టేషను అలా ఉండదు. మా చిన్నతనములో రేడియో మర తిప్పుతూ పోతే గరగరమనే చప్పుడు మధ్య, వెంట్రుకవాసి చోటులో, విజయవాడ కేంద్రము దొరికేది. కొంచెము అటు తిప్పితే పోయేది, ఇటు తిప్పితే పోయేది. ఆకాశములో కూడ అటువంటి సన్నని చోట బలమైన ధ్వని వినిపిస్తే, దాని వెనుక ఒక చెయ్యి ఉన్నదని అనుమానించవచ్చు.

మరి మరను ఎక్కడ తిప్పాలి? 1959లో కొకోని, మారిసన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చెప్పారు. విశ్వములో అన్నిటికంటె విస్తారముగా ఉన్నది హైడ్రోజను. అది 1420 మెగాహెర్ట్జుల దగ్గర సహజముగా ఒక సన్నని ధ్వని చేస్తుంది. తెలివిగలవారు ఎక్కడ ఉన్నా వారికి ఆ సంఖ్య తెలిసి తీరుతుంది. ఊరికి కొత్తవారు ఒకరినొకరు వెదకుకోవాలంటే మంచినీళ్ల చెరువు గట్టున నిలబడటము మేలు గదా. అందరూ అక్కడికే వస్తారు. ఆ మరుసటి సంవత్సరము, 1960 ఏప్రిలులో, ఫ్రాంక్ డ్రేక్ అనే యువకుడు అమెరికాలో 26 మీటర్ల పళ్లెము వంటి ఆంటెన్నాను రెండు నక్షత్రాల వైపు తిప్పి విన్నాడు. అవి పది, పన్నెండు కాంతి సంవత్సరాల దూరములోనివి. ఏమీ వినబడలేదు. కాని వినటము మొదలైంది.

మన దేశమూ ఈ విద్యలో వెనుకబడలేదు. ఆచార్య గోవింద స్వరూప్ ఊటీ కొండవాలున 530 మీటర్ల పొడవుగల రేడియో దూరదర్శినిని 1970లో పని చేయించాడు. తరువాత పూనా దగ్గర నారాయణగావ్ ప్రాంతములో ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుగల ముప్పది పళ్లెములను పాతిక కిలోమీటర్ల మేర పరచి ఒకే చెవిలాగ కూర్చారు. పరలోకవాసుల కబురు వెదకటము వాటి ముఖ్యమైన పని కాదు. అయినా వెదకటానికి కావలసినది అటువంటి చెవియే.

ఇంతవరకు ఏమైనా వినబడిందా? వినబడినట్లే అయి, చేజారినవి ఉన్నాయి. 1967లో ఇంగ్లండులో జోసిలిన్ బెల్ అనే విద్యార్థిని ఆకాశములో ఒకచోట నుండి సుమారు 1.3 సెకండ్లకు ఒకసారి తప్పకుండా వచ్చే టకటక శబ్దాన్ని పట్టుకొన్నది. గడియారములాగ కొడుతున్నది గనుక వేళాకోళానికి దానికి "చిన్న పచ్చ మనుషులు" అని పేరు పెట్టారు. కాని కొద్ది వారాలలో ఆకాశములో వేరొక దిక్కున ఇంకొకటి దొరికింది. అవి తిరిగే మృత నక్షత్రాలని తరువాత తేలింది. మా అమ్మమ్మ లెక్క అక్కడ తప్పింది. లయ ఉన్నంత మాత్రాన చెయ్యి ఉన్నదని చెప్పలేము.

1977 ఆగస్టు 15న, అనగా ఉప్పెనకు మూడు నెలల ముందు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఒక దూరదర్శిని 72 సెకండ్లపాటు చాలా బలమైన, చాలా సన్నని సంకేతాన్ని పట్టింది. అది హైడ్రోజను స్థాయికి దగ్గరలోనే ఉంది. కొన్నాళ్లకు కాగితాలు పరిశీలిస్తున్న జెర్రీ ఎమన్ అనే ఆయన ఆ అంకెల చుట్టు ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన ఆశ్చర్యముతో "వావ్" అని వ్రాశాడు. నేటికీ దాని పేరు అదే. తరువాత ఎన్నిసార్లు ఆ వైపు విన్నా అది మరల రాలేదు. 

నవ్వు పుట్టించే కథ కూడ ఉంది. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే చోట ఒక గొప్ప దూరదర్శినికి ఏళ్ల తరబడి వింత సంకేతాలు అందుతూ ఉండేవి. అవి పగటిపూట, భోజనపు వేళలలో ఎక్కువ. 2015లో గుట్టు తెలిసింది. అక్కడి వంటగదిలో మైక్రోవేవ్ పొయ్యి ఆగకముందే ఎవరో తలుపు తెరిచినప్పుడల్లా అది పుడుతున్నదట. ఆ దూరదర్శినిలోనే 2019లో, సూర్యుని తరువాత మనకు అతి సమీపమైన ప్రాక్సిమా నక్షత్రము దిక్కు నుండి ఒక సంకేతము వచ్చినట్లు కనబడింది. శ్రమించి పరీక్షించి, 2021లో అది మన భూమిమీది యంత్రాల చప్పుడేనని ఆ శాస్త్రజ్ఞులే ప్రకటించారు. తమకు ఎంతో ప్రియమైన ఆశను తామే పరీక్షించి, లేదని తామే చెప్పారు. సంఘములో సాక్ష్యము చెప్పే మనము వారి దగ్గర నేర్చుకోదగినది ఇది.

ఇక అసలు ప్రశ్న. వినబడే అవకాశము ఎంత? 1961లో డ్రేక్ ఒక లెక్క వ్రాశాడు. ఏటేటా పుట్టే నక్షత్రాలెన్ని, వాటిలో గ్రహాలు గలవెన్ని, వాటిలో జీవమునకు అనువైనవెన్ని, జీవము పుట్టినవెన్ని, తెలివి పుట్టినవెన్ని, సంకేతాలు పంపగలిగినవెన్ని, చివరకు అవి ఎంత కాలము పంపుతూ ఉంటాయి అని వరుసగా గుణించుకుంటూ పోవాలి. మొదటి అంకెలు మనకు బాగానే తెలిశాయి. మన పాలపుంతలో పది వేల కోట్లకు తక్కువ కాని నక్షత్రాలు ఉన్నాయి. 1995లో సూర్యునివంటి నక్షత్రము చుట్టు తిరిగే మొదటి గ్రహము దొరికింది. 2025 నాటికి అటువంటి పరాయి గ్రహాలు ఆరు వేలు దాటాయి. గ్రహాలు అరుదు కావు. నడిమి అంకెలు, అనగా జీవము, తెలివి, వీటి విషయములో మనకు తెలిసిన ఉదాహరణ ఒక్కటే, మన భూమి. ఒక్క గింజను చూసి పంట దిగుబడి చెప్పగల రైతు మన డెల్టాలో లేడు. అందుచేత అవకాశము ఇంత అని అంకె చెప్పేవారిని నమ్మకండి. 

చివరి అంకె, ఎంత కాలము అన్నది, మాకు అన్నిటికంటె ఎక్కువ ఆలోచన పుట్టించింది. కాలువగట్టున రెండు మిణుగురులు ఒకదానినొకటి చూడాలంటే రెండూ ఒకే వేళ వెలగాలి. పాలపుంత అడ్డముగా లక్ష కాంతి సంవత్సరాలు. మనము రేడియో నేర్చి నూరేళ్లు దాటి కొద్ది కాలమే. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని మధ్యతరంగ ప్రసారాలు చాలామట్టుకు పై వాతావరణములో తగిలి నేలకే తిరిగి వస్తాయి. రాత్రిళ్లు దూరపు స్టేషన్లు మనకు వినబడేది అందుచేతనే. టెలివిజను తరంగాలు, రాడారు తరంగాలు మాత్రము బయటికి సాగిపోతాయి. మచిలీపట్నములో తుపానులను కనిపెట్టే రాడారు పంపే తరంగాలలో కొంత భాగము మేఘానికి తగిలి మనకు కబురు తెస్తుంది. మిగిలినది ఆకాశములోనికి పోతూనే ఉంటుంది. కాని అవతలివారు వినే నాటికి మనము ఉంటామా? అణ్వాయుధాలు చేతపట్టుకొని, నీటికోసము, నేలకోసము కొట్లాడుకొనే జాతి ఎన్నాళ్లు దీపము వెలిగించి ఉంచగలదు? డ్రేక్ లెక్కలో చివరి అంకె ఖగోళశాస్త్రము కన్నా మన నడవడిని ఎక్కువగా అడుగుతుంది.

అరువది ఏళ్లకు పైగా విన్నా ఏమీ వినబడలేదు గదా, ఎవరూ లేరని అర్థము కాదా అని మీరు అడగవచ్చు. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వేదాంత కళాశాల నుండి కొత్తగా వచ్చిన రోజులలో మేము అమ్మమ్మను చూడబోయాము. ఉప్పెన జరిగి అప్పటికి ముప్పై ఏళ్లు. ఆమె ఇంకా ప్రతి సాయంకాలము అరుగు మీద లాంతరు వెలిగించి పెట్టేది. కరెంటు ఉన్నా పెట్టేది. మేము చదువుకొన్న గర్వముతో, "అమ్మమ్మా, ఇన్నేళ్లు కబురు లేదంటే మామయ్య లేడనే అర్థము. ఇక ఆ దీపము మానెయ్యి" అన్నాము. ఆమె మా ముఖము చూసి, "వాడు పోయాడని నాకు ఆ వారములోనే తెలుసురా అయ్యా. దివంతా వెదికాము. ఈ దీపము వాడికి కాదు. ఆ రాత్రి దీపము ఊపినవాడు మాకోసమని ఊపాడా? మేము ఉన్నామని వాడికేమి తెలుసు?" అన్నది. మేము తల వంచుకొన్నాము. 2009లో ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లింది.

ఆమె మాటలో శాస్త్రజ్ఞులు చెప్పే న్యాయమే ఉన్నది. నిశ్శబ్దానికి ఎంత బరువు ఇవ్వాలి అన్నది, మనము ఎంత వెదికాము అన్నదానిని బట్టి ఉంటుంది. దివిసీమ చిన్న సీమ. గట్టు గట్టు, కాలువ కాలువ వెదికారు. అక్కడి నిశ్శబ్దము జవాబే. ఆకాశము సంగతి అలాగు కాదు. ఎన్ని దిక్కులు, ఎన్ని స్థాయిలు, ఎన్ని వేళలు వినాలో లెక్కకట్టి 2018లో శాస్త్రజ్ఞులు ఒక పోలిక చెప్పారు. వెదకవలసినది భూమిమీది సముద్రాలన్నీ అనుకొంటే, ఇంతవరకు వెదికినది ఒక చిన్న ఈతకొలను నీరు. హంసలదీవి దగ్గర ఒక బిందె సముద్రపు నీరు ముంచి, చేప పడలేదని సముద్రములో చేపలే లేవనే జాలరి ఉన్నాడా?

దీపము ఊపటము అన్నాము గనుక ఇంకొక సంగతి. అదే 1977లో, ఆగస్టు 20న, సెప్టెంబరు 5న వాయేజర్ అనే రెండు నౌకలను అమెరికావారు ఆకాశములోనికి పంపారు. వాటిలో ఒక్కొక్క బంగారు పూత రికార్డు ఉంది. దానిలో యాభై అయిదు భాషలలో పలకరింపులు ఉన్నాయి. వాటిలో మన తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడేవారి తరపున శుభాకాంక్షలు చెప్తూ ఒక గొంతు ఆ రికార్డులో ఉంది. దివిసీమ మునిగిన ఆ రాత్రి ఆ తెలుగు పలుకు అప్పటికే భూమిని విడిచి ప్రయాణము చేస్తున్నది. నేడు మొదటి నౌక రెండు వేల అయిదు వందల కోట్ల కిలోమీటర్ల దూరములో ఉంది. అక్కడినుండి కబురు మనకు చేరటానికి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. దాని ప్రసారయంత్రము బలము ఇరవై వాట్లకు కొంచెము పైన, మన వసారాలో చిన్న బల్బుపాటిది. అయినా భూమిమీది పెద్ద పళ్లెములు దానిని వినగలుగుతున్నాయి. ఎక్కడ వినాలో తెలిస్తే ఎంత సన్నని స్వరమైనా వినవచ్చునని ఇది రుజువు. అయితే అది వేరొక నక్షత్రము పొరుగుకు పోవటానికి సుమారు నలభై వేల ఏళ్లు పడుతుంది. ఊపినవారు ఎవరూ ఆ ఫలము చూడరు.

విశ్వాసము సంగతి అడుగుతారని తెలుసు. మరెక్కడైనా తెలివిగల ప్రాణులు ఉంటే మన నమ్మకము ఏమవుతుంది అని. లేఖనాలు ఈ విషయములో మౌనముగా ఉన్నాయి. లేని వచనాన్ని లాగి తేవటము మాకు ఇష్టము లేదు. ఒక్క చరిత్ర సంగతి చెప్తాము. దేవుడు కూడ అనేక లోకములను చేయలేడని కొందరు పండితులు బోధిస్తుంటే, 1277లో పారిస్ బిషప్పు ఆ బోధను తప్పని ఖండించాడు. ఉన్నాయని ఆయన చెప్పలేదు. దేవుని చేతికి మనము హద్దు గీయరాదని మాత్రమే చెప్పాడు. ఏడు వందల ఏళ్లు దాటినా మాకు అంతకంటె మంచి మాట దొరకలేదు.

ఇక ఆ చిన్నదానికి మా జవాబు. అమ్మా, కబురు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. నీ కాలములో రావచ్చు, నీ మనుమల కాలములో రావచ్చు, ఎన్నటికీ రాకపోవచ్చు. వస్తే మొదట నమ్మకు, మరల పరీక్షించు, వంటగది తలుపు చూసి రా. రాకపోతే తొందరపడి లేరనవద్దు. 1959లో ఆ ఇద్దరు పెద్దలు చివర చెప్పిన మాట కూడ ఈ భావముదే: అవకాశము ఎంతో లెక్కకట్టటము కష్టము, కాని అసలు వెదకకపోతే అది సున్న. ఎనిమిదవ కీర్తన వ్రాసినవాడు నక్షత్రాలను చూసి మనుష్యుడు ఏపాటివాడు అని ఆశ్చర్యపడ్డాడు. అడగటము విశ్వాసానికి విరోధము కాదు.

ఇప్పుడు మా ఇంటి అరుగు మీద కూడ సాయంకాలము ఒక దీపము ఉంటుంది. అమ్మమ్మ లాంతరు తుప్పుపట్టిపోయింది గనుక చిన్న బల్బు పెట్టాము. ఎవరికోసమని అడిగితే మేము చెప్పలేము. కాలువ రోడ్డున చీకటిలో వచ్చేవారికి అది కనబడుతుంది.